లేని వాసన

2021 మే నెలలో నాకు వాసన పోయింది. కోవిడ్ వచ్చిన నాలుగో రోజు పొద్దున్నే కాఫీ కప్పు మొహం దగ్గర పెట్టుకుంటే వేడి తగిలింది గానీ కాఫీ తగల్లేదు. తర్వాత ఇంగువ పోయింది, కొబ్బరినూనె పోయింది, వాన పడ్డ మట్టి పోయింది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, వాసన మాత్రం రాలేదు. నిజం చెప్పాలంటే పెద్దగా బాధపడలేదు. ఆ రోజుల్లో జనం పోగొట్టుకున్నవాటి పక్కన నా ముక్కు ఒక లెక్కా?

జూన్‌లో ఒక రోజు పాలు స్టవ్వు మీద పెట్టి ఫోన్ మాట్లాడుతూ హాల్లోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పాలు పొంగి మంట ఆరిపోయింది. గట్టు మీదంతా పాలు. నాబ్ ఇంకా తిరిగే ఉందన్న సంగతి చూసుకోలేదు. గుడ్డతో తుడిచి, గిన్నె సర్ది, లైటర్ చేతిలోకి తీసుకున్నాను. సరిగ్గా అప్పుడు అమ్మ పడగ్గదిలోంచి "ఆగు! ముట్టుకోకు!" అని అరుస్తూ వచ్చింది. నాబ్ కట్టేసింది, వంగి రెగ్యులేటర్ తిప్పేసింది, బాల్కనీ తలుపు బార్లా తీసింది. ఫ్యాన్ వెయ్యబోతే చెయ్యి పట్టుకు లాగింది. అంతా అయ్యాక నావైపు తిరిగి "ఏమే, నీకు ముక్కు పనిచెయ్యట్లేదా?" అంది. తిట్టుగానే అంది. అన్న మరుక్షణం అది తిట్టు కాదని ఇద్దరికీ గుర్తొచ్చింది.

అమ్మ గదికీ వంటింటికీ మధ్య హాలు ఉంది. అంత దూరం నుంచి ఆవిడకి తెలిసింది, పొయ్యి ముందు నిలబడ్డ నాకు తెలియలేదు. ఆ తర్వాత నా వాసన తిరిగొచ్చేదాకా, అంటే దాదాపు ఐదు నెలలు, ఇంట్లో నేను ఒంటరిగా ఉన్నప్పుడు పొయ్యి వెలిగించకూడదని రూలు పెట్టింది. ముప్పై ఏళ్ళ మనిషికి ఇదేం శిక్ష అని గొణుక్కున్నాను గానీ పాటించాను. ఆ ఖాళీలో ఈ గ్యాసు గురించి చదవడం మొదలుపెట్టాను. మొదట తెలిసిందే నన్ను కొంచెం కుదిపింది. ఆ రోజు అమ్మ పసిగట్టినది గ్యాసుని కాదు. గ్యాసుకి వాసన లేదు.

మన సిలిండర్లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన మిశ్రమం. రెండింటికీ రంగు లేదు, చెప్పుకోదగ్గ వాసనా లేదు. మనం "గ్యాస్ వాసన" అనుకునేది ఇథైల్ మెర్కాప్టాన్ అనే వేరే పదార్థానిది. కుళ్ళిన క్యాబేజీ, ఉల్లిపాయ కలిసినట్టుండే ఆ కంపుని కావాలని, చుక్కల లెక్కన కలుపుతారు. గాలిలో వంద కోట్ల వంతుల్లో ఒక్క వంతు ఉన్నా చాలామంది ముక్కు పట్టేస్తుంది. గ్యాసు గాలిలో సుమారు 2 శాతం చేరితే గానీ అంటుకోదు. అందులో ఐదోవంతు చేరేసరికే వాసన స్పష్టంగా తెలియాలని మన ప్రమాణాలు చెబుతాయి. అంటే ప్రమాదానికీ మనకీ మధ్య కొంత వ్యవధి ఇస్తారు, ఆ వ్యవధిని కాపలా కాసే పని ఒక ముక్కుకి అప్పజెబుతారు.

ఈ ఏర్పాటు మొదటి నుంచీ లేదు. దీని వెనక ఒక బడి ఉంది.

దానికి ముందు సీసాలో పట్టిన గ్యాసు కథ రెండు మాటల్లో. 1910లో అమెరికాలో వాల్టర్ స్నెల్లింగ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడి దగ్గరికి ఒక కారు యజమాని ఫిర్యాదు తీసుకొచ్చాడు. కొన్న పెట్రోల్లో చాలా భాగం ఇంటికి చేరేసరికి ఆవిరైపోతోందట. ఆ ఎగిరిపోయేదేమిటో చూద్దామని స్నెల్లింగ్ పరీక్షించి, అందులోంచి ప్రొపేన్‌ని విడదీశాడు. ఒత్తిడిలో పెడితే అది ద్రవమవుతుంది, వదిలితే మళ్ళీ గ్యాసవుతుంది. ఒక లీటరు ద్రవం సుమారు 250 లీటర్ల గ్యాసు. పైపులు వెయ్యని ఊళ్ళకి కూడా గ్యాసుని మోసుకెళ్ళొచ్చన్న ఆలోచన అక్కడ పుట్టింది. 1913లో పేటెంటు తీసుకుని, తర్వాత దాన్ని ఫ్రాంక్ ఫిలిప్స్‌కి 50,000 డాలర్లకి అమ్మేశాడు. ఈ స్నెల్లింగ్ అసలు నైపుణ్యం పేలుడు పదార్థాల్లో. మన వంటింటి ఇంధనాన్ని కనిపెట్టింది మందుగుండు నిపుణుడు! మా అమ్మమ్మకి తెలిస్తే "నే చెప్పలే!" అనేది. ఆవిడ దగ్గరికి వస్తాను.

ఇప్పుడు ఆ బడి. టెక్సస్‌లో న్యూ లండన్ అనే ఊరు. చుట్టూ చమురు బావులు, డబ్బున్న బడి. వేడి కోసం గదిగదికీ గ్యాసు హీటర్లు పెట్టుకున్నారు. గ్యాసు కంపెనీకి కట్టే డబ్బు ఆదా చేద్దామని, బావుల్లోంచి వృథాగా వచ్చే సహజవాయువు లైనుకి బడి తన పైపు కలుపుకుంది. అప్పట్లో అక్కడ అది మామూలే, చమురు కంపెనీలు చూసీ చూడనట్టు ఊరుకునేవి. ఆ గ్యాసుకి వాసన లేదు. ఎక్కడో లీకై భవనం నేల కింది ఖాళీలో చేరుతూ వచ్చింది. 1937 మార్చి 18న, ఇంకాసేపట్లో బడి వదిలేస్తారనగా, వర్క్‌షాపులో ఒక మాస్టారు కరెంటు సానపట్టే యంత్రం వేశాడు. సుమారు 300 మంది పోయారు, ఎక్కువమంది పిల్లలు. కొన్ని వారాల్లోనే టెక్సస్ శాసనసభ గ్యాసుకి వాసన కలిపి తీరాలని చట్టం చేసింది. ఆ పద్ధతి మెల్లగా ప్రపంచమంతా పాకింది.

మెర్కాప్టాన్ గురించి ఒక పిట్టకథ చెప్పకుండా ఉండలేను. కాలిఫోర్నియాలో గ్యాసు పైపులైను కాపలాదారులు కొన్నాళ్ళకి గమనించిందేమిటంటే, లీకు ఉన్నచోట ఆకాశంలో రాబందులు తిరుగుతున్నాయి. కుళ్ళిన శవం నుంచి వచ్చే వాసనలో కూడా ఇదే పదార్థం ఉంటుంది. పాపం, అవి తిండి దొరికిందనుకుని వచ్చేవి. వాళ్ళు ఆ రాబందుల్ని చూసి లీకులు వెతుక్కున్నారు. ఆ రకంగా చూస్తే మా ఇంట్లో రాబందు పని మా అమ్మది. (ఈ వాక్యం ఆవిడకి చదివి వినిపించాను. "రాయి, రాయి" అంది.)

ఇక తెనాలి. అమ్మమ్మ వంటింట్లో నాకు గుర్తున్న పొయ్యిలు నాలుగు: పెరట్లో కట్టెల పొయ్యి, నీళ్ళ కాగుకి పొట్టు పొయ్యి, కాఫీకి బొగ్గుల కుంపటి, తొందర పనికి వత్తుల స్టవ్వు. నేను పుట్టేసరికి వీటిలో సగం అటకెక్కాయి గానీ కథలు అటకెక్కలేదు. ఊదుగొట్టం ఊది ఊది కళ్ళు పాడైన పెద్దమ్మ, రంపంపొట్టు నిప్పు రాత్రంతా రాజుకుని తడిక అంటుకున్న వైనం. పాత పొయ్యిలు సురక్షితమని ఎవరైనా అంటే నమ్మకండి. 1953లోనే హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీస్‌లో పనిచేసిన ఎస్.పి. రాజు, పొగ లేని వంటిళ్ళ గురించి ఒక చిన్న పుస్తకం రాశారు. గొట్టం పెట్టిన మట్టిపొయ్యి ఎలా కట్టుకోవాలో బొమ్మలతో చెప్పారు. ఆడవాళ్ళ ఊపిరితిత్తుల గురించి మన దగ్గర ఒక ఇంజినీరు ఆలోచించిన తొలి సందర్భాల్లో అదొకటి. వంటగది గురించి రాసిన మన కథల్లో పొగ కావలసినంత ఉంది గానీ రాజు గారు ఎక్కడా తగల్లేదు నాకు.

వీటన్నిట్లోకీ భయంకరమైనది పంపు కొట్టే కిరసనాయిలు స్టవ్వు. ఎనభైల నాటి తెలుగు పేపర్లు తిరగేస్తే లోపలి పేజీల్లో రెండు మూడు వాక్యాల వార్త ఒకటి పదేపదే కనబడుతుంది: స్టవ్వు పేలి వివాహిత మృతి. ఆ స్టవ్వులు నిజంగానే పేలేవి. కానీ అవి అత్తగారి మీద, ఆడపడుచు మీద పేలకుండా ఎప్పుడూ కొత్త కోడలి మీదే ఎందుకు పేలతాయని మహిళా సంఘాలు అడగడం మొదలుపెట్టాయి. 1983లో 498ఎ, 1986లో వరకట్న మరణాల మీద 304బి సెక్షన్లు వచ్చాయి. కిరసనాయిలు పోయి గ్యాసు వచ్చాక వార్త మారింది, "గ్యాస్ లీకై" అయింది. ఇంధన భద్రత గురించి రాస్తూ దీన్ని వదిలేయలేను. "ప్రమాదవశాత్తూ" అన్న మాట మన వంటింటి చరిత్రలో చాలా మొయ్యాల్సి వచ్చింది. ఒక పరికరం ప్రమాదకరమన్న పేరు ఉంటే, దాని చాటున మనుషులు కూడా దాక్కోవచ్చు.

మన దేశంలోకి సీసా గ్యాసు యాభైల నడిమిలో బొంబాయిలో దిగింది. ట్రాంబేలో కొత్తగా కట్టిన రిఫైనరీల్లో ముడి చమురు వడబోస్తే మిగిలే ఈ గ్యాసుని ఏం చెయ్యాలన్నది సమస్య. బర్మా షెల్ దాన్ని బర్షేన్ పేరుతో అమ్మింది. 1957లో విశాఖలో కాల్టెక్స్ రిఫైనరీ మొదలయింది. 1965 అక్టోబర్ 22న కలకత్తాలో మొదటి ఇండేన్ కనెక్షన్ ఇచ్చారు. డెబ్భైల్లో విదేశీ కంపెనీలన్నీ ప్రభుత్వపరం అయ్యాయి: ఎస్సో, కాల్టెక్స్ కలిసి ఇప్పటి హెచ్‌పీ అయ్యాయి, బర్మా షెల్ భారత్ పెట్రోలియం అయింది. మా తాతయ్య చనిపోయేదాకా గ్యాసు ఏజెన్సీని "ఎస్సో వాడు" అనే అన్నాడు.

తెలుగులో దీనికి మనం పెట్టుకున్న పేరు నాకు చాలా ఇష్టం. బండ. గ్యాస్ బండ. బండ అయిపోయింది, బండ రాలేదు, బండ బుక్ చేశావా. ఖాళీ ఇనుమే 15 కిలోల దాకా, లోపల 14.2 కిలోల గ్యాసు. అంత బరువుని మెట్ల మీద దొర్లించుకుంటూ ఎక్కించే మనిషిని చూసిన భాష పెట్టిన పేరది.

అమ్మమ్మ ఇంటికి బండ 1979లో రావల్సింది. ఆవిడ రానివ్వలేదు. ఆవిడ అభ్యంతరాలు రెండు. ఒకటి, గ్యాసు మీద వండింది తింటే కడుపులో గ్యాసు పడుతుంది. రెండు, ఇంట్లో బాంబు పెట్టుకుని పక్కన నిద్రపోలేను. మొదటిదానికి నవ్వుకున్నా, రెండోదాన్ని చదువుకున్నవాళ్ళం కూడా సగం నమ్ముతాం. ఇప్పటికీ ప్రతి పేపరూ "సిలిండర్ పేలుడు" అనే రాస్తుంది. చాలా సందర్భాల్లో పేలేది సిలిండర్ కాదు, గది. లీకైన గ్యాసు గాలితో కలిసి గదిలో నిండి ఉండగా ఎక్కడో నిప్పురవ్వ పడుతుంది. గోడలు కూలిపోయిన ఇంట్లో బండ ఒక్కటీ చెక్కుచెదరకుండా నిలబడి ఉండటం అగ్నిమాపక సిబ్బందికి కొత్త కాదు. చుట్టూ మంటలు అంటుకుని బండ విపరీతంగా కాగితే అది కూడా పగులుతుంది, అది వేరే. అమ్మమ్మ భయం సరైనదే, భయపడ్డ వస్తువే తప్పు.

తేడా ఎందుకు ముఖ్యమంటే, బాంబు నుంచి కాపాడుకోవడానికి చేసేది ఏమీ లేదు, దూరంగా ఉండటం తప్ప. లీకు నుంచి కాపాడుకోవడానికి చాలా ఉంది.

ఈ గ్యాసు గాలి కంటే దాదాపు రెట్టింపు బరువు. పొగలాగా పైకి పోదు, నీళ్ళలాగా కిందికి దిగి నేల మీద పరుచుకుంటుంది. గట్టు కింద, అలమర అడుగున, గడప దాటి పక్క గదిలోకి, మోరీలోకి. పైన కిటికీ ఉన్నంత మాత్రాన పోదు, తలుపులు తియ్యాలి. అందుకే బండని గుంటలో, నేలమట్టానికి దిగువ గదిలో పెట్టొద్దంటారు. అందుకే బండ నేల మీద నిలువుగా, స్టవ్వు దానికి పైన గట్టు మీద. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు ఉన్న మామూలు వంటగదిని లెక్కేశాను. గదంతా సమానంగా కలిసిందనుకున్నా సుమారు ఒక కిలో గ్యాసు చాలు, అంటుకునే స్థాయికి రావడానికి. నేల మీద పేరుకుంటుంది కాబట్టి నిజానికి అంత కూడా అక్కర్లేదు. నిండు బండలో పధ్నాలుగు కిలోలున్నాయి. ఈ మధ్య పైపుల్లో వస్తున్న సహజవాయువు దీనికి తిరగేసి ఉంటుంది. అది గాలి కంటే తేలిక, పైకి పోతుంది. ఇల్లు మారినప్పుడు ఇంధనం మారితే భయపడాల్సిన దిక్కు కూడా మారుతుందన్నమాట.

ఆ రోజు అమ్మ నా చెయ్యి లాగింది కూడా ఇందుకే. స్విచ్ వేసినా, కట్టేసినా లోపల సన్నటి రవ్వ పుడుతుంది. వెలుగుతున్న లైటు వెలగనియ్యాలి, ఆరిన లైటు ఆరనియ్యాలి. టెక్సస్ మాస్టారు చేసింది అదే పని, స్విచ్ వేశాడు.

1982లో తాతయ్య పోరు పెట్టి తెప్పించాడు. అప్పటికి కనెక్షన్ దొరకడమే కష్టం. దరఖాస్తు పెట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసేవాళ్ళు. ఎంపీలకి కనెక్షన్ల కోటా ఉండేది, దానికోసం ఉత్తరాలు పట్టుకుని తిరిగేవాళ్ళు. అంత బతిమాలుకుని తెచ్చుకున్న వస్తువుని చూసి అమ్మమ్మ వంటింట్లోంచి బయటికి వెళ్ళిపోయిందట. ఏజెన్సీ నుంచి వచ్చిన మెకానిక్ కుర్రాడు తెలివైనవాడు. తాతయ్యని పక్కన కూచోబెట్టి "బామ్మగారూ, వండేది మీరు, చూడాల్సింది మీరు" అని ఆవిణ్ణి లోపలికి పిలిచాడు. బండ మూత తీసి వాల్వులోపల నల్లటి రబ్బరు వాషర్ చూపించాడు. అది లేకపోయినా, చిట్లినా బండ వాపస్ ఇచ్చెయ్యమన్నాడు. రెగ్యులేటర్ బిగించాక సబ్బు నురగ పూసి, బుడగలు వస్తే లీకున్నట్టని చూపించాడు. అగ్గిపుల్ల వెలిగించి చూడకూడదని మూడుసార్లు చెప్పాడట, అలా చూసేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. చివరగా వంటలోకి ఒక సూత్రం ఇచ్చి వెళ్ళాడు: ముందు అగ్గిపుల్ల, తర్వాత నాబ్.

అమ్మమ్మ దాన్ని తనదైన పద్ధతిలో చట్టం చేసింది. రాత్రి పడుకునే ముందు రెగ్యులేటర్ కట్టడం ఆవిడకి దీపం పెట్టడం లాంటి పని. స్టవ్వు మంట ఉండగానే రెగ్యులేటర్ కట్టేసేది, ట్యూబులో మిగిలిన గ్యాసు కూడా కాలి మంట దానంతటదే ఆరాక నాబ్ కట్టేది. పొయ్యి మీద పాలు పెట్టి వంటిల్లు వదిలేది కాదు. (ఈ వాక్యం రాస్తుంటే నాకు సిగ్గేసింది.) బండ మెడ మీద ఆంగ్ల అక్షరం, రెండంకెలు ఉంటాయి, గమనించారా? ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి ఏప్రిల్ నుంచి జూన్, సి, డి మిగతా ఆరు నెలలు. అంకెలు సంవత్సరం. ఆ గడువులోగా ఆ బండకి మళ్ళీ పరీక్ష జరగాలి. అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు. ఆ నాలుగక్షరాలు మాత్రం వచ్చు.

అమ్మకి ఇదంతా ఆవిడ నుంచి వచ్చింది. నాకు రాలేదు. అమ్మ చెప్పనందుకు కాదు, నేను వినలేదు. మా తరానికి గ్యాసు కొత్త వస్తువు కాదు, కుళాయి లాంటిది. అమ్మమ్మ దాన్ని పులిని తెచ్చుకున్నట్టు తెచ్చుకుంది కాబట్టి దాని నడవడి అంతా నేర్చుకుంది.

అయితే ఈ నేర్పించే పద్ధతి గురించి నాకొక అసంతృప్తి ఉంది. భద్రత అన్న మాట వచ్చినప్పుడల్లా అది వంటింటి మనిషిని ఉద్దేశించే ఉంటుంది. పాస్‌బుక్ వెనక ఉన్న బొమ్మల్లో చీర కట్టుకున్న మనిషే. నైలాన్ చీర వద్దు, కొంగు దోపుకోండి, వదిలి వెళ్ళకండి. తప్పేం లేదు, అవన్నీ నిజాలే. కానీ గ్యాసు బండలో పుట్టదు కదా.

1997 సెప్టెంబర్ 14, ఆదివారం. విశాఖ రిఫైనరీలో, ఓడ నుంచి ఎల్‌పీజీ దించుతుండగా పైపులైను దగ్గర లీకై, మేఘంలా నేలబారుగా పరుచుకుని అంటుకుంది. సుమారు 60 మంది చనిపోయారు. ఆ వాసనల మధ్య ఉద్యోగం చేసినవాళ్ళు, నిపుణులు, నియమావళి, సైరన్లు అన్నీ ఉన్న చోటు. 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలో నగరం అనే ఊళ్ళో సహజవాయువు పైపులైను లీకై ఊరి మీద పడింది, ఇరవై మందికి పైగా పోయారు. ఓ టీ కొట్టు పొయ్యి వెలిగించడంతో అంటుకుందని అప్పటి వార్తలు. పైపు తుప్పు పట్టిందా, కంపెనీ తప్పెంత అన్నది ఎన్ని కమిటీలు రాసినా, జనం నోట మిగిలింది ఆ టీ పొయ్యి. పొద్దున్నే టీ కాచడం నేరం కాదు. పొయ్యి వెలిగించినవాళ్ళకి ముందే తెలియజెప్పే ఏర్పాటు లేకపోవడం గురించి మాట్లాడాలి. న్యూ లండన్‌లో సానయంత్రం వేసిన మాస్టారుని ఎవరూ దోషిగా చూడలేదు. గ్యాసుకి వాసన లేదన్నది అక్కడ చర్చ అయింది, అందుకే చట్టం వచ్చింది.

రెండో అసంతృప్తి చిన్నది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చింది. డ్వాక్రా సంఘాల్లోని ఆడవాళ్ళకి కనెక్షన్ డిపాజిట్ ప్రభుత్వం కట్టింది. దేశమంతటికీ ఉజ్వల 2016లో గానీ రాలేదు, కాబట్టి ఈ విషయంలో మనం ముందున్నాం. రేపల్లె దగ్గర మా పిన్ని వాళ్ళ ఊళ్ళో, చిన్నప్పుడు సెలవులకి వెళ్ళినప్పుడు చూశాను: ఎదురింటి ఆవిడ బండకి పసుపు రాసి బొట్టు పెట్టింది. మూల నిలబెట్టింది. వంట మాత్రం బయట కట్టెల మీదే. చుట్టాలొస్తే టీకి వెలిగించేది. రీఫిల్‌కి డబ్బెవరిస్తారు? ప్రపంచ బ్యాంకు ఆ పథకం మీద చేయించిన అధ్యయనంలోనూ ఇదే తేలింది, కనెక్షన్ తీసుకున్న చాలా ఇళ్ళలో కట్టెలు ఆగలేదు. భద్రత కోణంలో ఇది కొంచెం ఇబ్బంది. రోజూ వాడే వస్తువు చేతికి అలవాటవుతుంది. నెలకో రెండుసార్లు వాడే వస్తువు పట్ల భక్తి మిగులుతుంది గానీ చెయ్యి తిరగదు, వాషర్ ఎండిపోయిన సంగతి, ట్యూబు బీటలిచ్చిన సంగతి కళ్ళబడదు. ఆ నారింజ రంగు ట్యూబుని ఐదేళ్ళకి మార్చాలి. మీ ఇంట్లో ఎప్పుడు మార్చారు? నేనడిగిన పదిమందిలో ఒక్కరూ చెప్పలేకపోయారు. 2024లో ఆంధ్రలో ఏడాదికి మూడు ఉచిత బండలు, తెలంగాణలో 500 రూపాయల బండ వచ్చాయి. రాజకీయంగా ఎవరేమన్నా, వాడకం పెరగడమే ఒక రకం శిక్షణ అని నాకనిపిస్తుంది.

2021 అక్టోబర్ చివర్లో నాకు వాసన తిరిగొచ్చింది. ఒకేసారి రాలేదు, వంకరగా వచ్చింది. కాఫీ కొన్నాళ్ళు కాలిన రబ్బరులా ఉండేది. ఒక సాయంత్రం వంటింట్లోకి వెళ్ళి "ఏదో కుళ్ళింది" అన్నాను. అమ్మ ముఖం వెలిగిపోయింది. "కుళ్ళలేదే, బండ అయిపోవస్తోంది!" అంది. నిజమే, బండ అడుగంటేటప్పుడు వాసన ఘాటెక్కుతుంది. మెర్కాప్టాన్ గ్యాసు కంటే నిదానంగా ఆవిరవుతుంది, చివర మిగిలిన ద్రవంలో పేరుకుంటుంది. అమ్మకి ఆ కారణం తెలియదు గానీ బండ ఇంకెన్ని రోజులొస్తుందో వాసన బట్టి రెండు రోజుల తేడాతో చెప్పగలదు. తూకం వెయ్యాల్సిన పని లేదు. అది ఆవిడ గర్వం.

ఈ సంక్రాంతికి తెనాలి వెళ్ళాను. అమ్మ ఇప్పుడు అక్కడే ఉంటోంది, అమ్మమ్మ ఇంట్లో, ఒక్కతే. రెండో రోజు పొద్దున ఆవిడ అరిసెల పాకం చూస్తోంది, నేను వెనక నిలబడ్డాను. ఘాటుగా తగిలింది. సబ్బు నురగ తెచ్చి రెగ్యులేటర్ చుట్టూ, ట్యూబు పొడవునా పూశాను. బుడగల్లేవు.

"ఏం చేస్తున్నావే?" అంది.

"బండ అయిపోవస్తోందమ్మా. వాసనొస్తోంది."

పాకం గరిటె పక్కన పెట్టి, పొయ్యి మీదికి కొంచెం వంగింది. రెండుసార్లు గాలి పీల్చింది.

"వస్తోందా?" అంది.

ఆ మధ్యాహ్నం తెనాలి బజారు అంతా తిరిగి గ్యాస్ అలారం ఒకటి కొన్నాను. ఎలక్ట్రీషియన్ దాన్ని పైన, సీలింగ్ దగ్గర బిగించబోతుంటే ఆపి, బండ పక్కనే నేలకి అడుగెత్తులో పెట్టించాను.